జేమ్స్ స్టూవర్ట్ సినిమాల్లో మొదట ఏది చూడాలి?

పాత హాలీవుడ్ సినిమాల వైపు వెళ్లిన ఎవరికైనా జేమ్స్ స్టూవర్ట్ పేరు తగలక మానదు. సన్నగా, పొడుగ్గా, మాటల కోసం తడుముకుంటున్నట్టు మాట్లాడే మనిషి. 1930ల మధ్యలో మొదలుపెట్టి దాదాపు 80 సినిమాలు చేశారు. అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ 1999లో ప్రకటించిన గొప్ప నటుల జాబితాలో హంఫ్రీ బోగార్ట్, కేరీ గ్రాంట్‌ల తరవాత మూడో స్థానం ఆయనదే.

కొత్తగా చూసేవాళ్లకి వచ్చే చిక్కు ఏంటంటే, ఏ జాబితా తీసినా ఆయనవి ఐదారు సినిమాలు కనిపిస్తాయి. వాటిలో ఒకటి క్రిస్మస్ కథ, ఒకటి హత్య కేసు, ఒకటి గుర్రాలూ తుపాకుల వెస్టర్న్ సినిమా, ఒకటి పెద్ద పెద్ద విమర్శకులు నెత్తిన పెట్టుకునే మిస్టరీ. మొదట తప్పు సినిమా పట్టుకుంటే "ఈయనలో అంత ఏముంది?" అని అక్కడే ఆగిపోతారు. ముఖ్యంగా 'వర్టిగో'తో మొదలుపెట్టి సగంలో వదిలేసినవాళ్లు చాలామందే ఉంటారు. వాళ్లని తప్పుపట్టలేం. అది మొదటి సినిమాగా చూడాల్సింది కాదు.

నా ఉద్దేశంలో స్టూవర్ట్‌ని ఎంచుకోవడం అంటే రెండో ప్రపంచ యుద్ధానికి ముందు స్టూవర్టా, యుద్ధం తరవాత స్టూవర్టా అని ఎంచుకోవడమే. అది తేలాలంటే ఆయన జీవితం కొంచెం తెలియాలి.

యుద్ధానికి ముందు, తరవాత

1908లో పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఇండియానా అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రిది హార్డ్‌వేర్ షాపు. తల్లి పియానో వాయించేది, ఈయన అకార్డియన్ పట్టుకున్నారు. ప్రిన్స్‌టన్‌లో ఆర్కిటెక్చర్ చదివి 1932లో డిగ్రీ తీసుకున్నారు. దేశమంతా ఆర్థిక మాంద్యంలో ఉన్న రోజులు. ఇళ్లు కట్టించేవాళ్లే లేనప్పుడు ఇళ్లు గీసేవాడికి పనెక్కడిది? కాలేజీ నాటకాల స్నేహంతో మసాచుసెట్స్‌లోని ఒక నాటక బృందంలో చేరారు. హెన్రీ ఫోండా, మార్గరెట్ సల్లవన్ పరిచయమైంది అక్కడే. ఫోండాతో న్యూయార్క్‌లోనూ, తరవాత హాలీవుడ్‌లోనూ ఒకే ఇంట్లో ఉన్నారు. ఆ స్నేహం చివరిదాకా నిలిచింది.

1935లో ఎం.జి.ఎం. స్టూడియోతో కాంట్రాక్టు కుదిరింది. ఐదేళ్లలో దేశమంతా ఇష్టపడే హీరో అయ్యారు. 1940 సినిమా 'ది ఫిలడెల్ఫియా స్టోరీ'కి ఉత్తమ నటుడి ఆస్కార్ వచ్చింది. ఆ బొమ్మని ఇంటికి పంపితే తండ్రి దాన్ని తన హార్డ్‌వేర్ షాపులో జనానికి కనిపించేలా పెట్టారు. ఏళ్ల తరబడి అది అక్కడే ఉంది.

సరిగ్గా ఆ ఊపులో, 1941 మార్చిలో, ఆయన సైన్యంలో చేరిపోయారు. మొదటిసారి బరువు చాలలేదని వెనక్కి పంపితే, తిని బరువు పెంచుకుని మరీ వెళ్లారు. అప్పటికే పైలట్ లైసెన్సు ఉంది. స్టార్ కదా, పోస్టర్లకీ ప్రచార సభలకీ వాడుకుందామని పైవాళ్లు చూశారు. ఆయన పట్టుబట్టి యుద్ధానికే వెళ్లారు. ఇంగ్లండ్‌లోని టిబెన్‌హామ్ స్థావరం నుంచి బి-24 బాంబర్లతో జర్మనీ మీదకి వెళ్లే స్క్వాడ్రన్‌కి నాయకత్వం వహించారు. 20 దాడుల్లో పాల్గొన్నారు. మామూలు సిపాయిగా చేరిన మనిషి నాలుగేళ్లలో కల్నల్ అయ్యారు. తరవాత రిజర్వ్ దళంలో బ్రిగేడియర్ జనరల్ దాకా వెళ్లారు.

తిరిగొచ్చేసరికి వయసు 37. జుట్టు నెరిసింది, ముఖంలో కుర్రతనం పోయింది. ఆ దాడుల గురించి బయట పెద్దగా మాట్లాడలేదు. కానీ తెర మీద తేడా స్పష్టంగా తెలుస్తుంది. ముందు సినిమాల్లో తడబాటు అంటే సిగ్గు. తరవాతి సినిమాల్లో అదే తడబాటు వెనక కోపం, భయం, ఒక్కోసారి పిచ్చి పట్టుదల కనిపిస్తాయి.

ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

మొదటిది, పైన చెప్పిందే. మీకు మంచివాడు గెలిచే కథ కావాలా, మంచివాడిలోని చీకటి చూడాలనుందా?

రెండోది వేగం. ఇప్పటి సినిమాలకి అలవాటుపడ్డ కంటికి 1940ల సినిమా నెమ్మదిగా అనిపించవచ్చు. స్టూవర్ట్ సినిమాల్లో 90 నిమిషాల్లో పరిగెత్తేవీ ఉన్నాయి, రెండున్నర గంటలు దాటేవీ ఉన్నాయి.

మూడోది భాష. సబ్‌టైటిల్స్ మీద ఆధారపడేవాళ్లకి ఇది పెద్ద విషయం. స్టూవర్ట్ స్వయంగా ఆగి ఆగి మాట్లాడతారు కాబట్టి ఆయన మాట పట్టుకోవడం తేలికే. కానీ 'ఫిలడెల్ఫియా స్టోరీ' లాంటి వాటిలో పక్కవాళ్లు మాటలు కురిపిస్తారు. చదివేలోపు అక్షరాలు పోతాయి, నవ్వు కూడా పోతుంది.

నాలుగోది, ఎవరితో కూర్చుని చూస్తున్నారు అన్నది. అమ్మానాన్నలతోనా, పదేళ్ల పిల్లలతోనా, ఒక్కరేనా? ఆయన సినిమాల్లో బూతు ఉండదు గానీ, ఒక దాంట్లో కేసంతా అత్యాచారం చుట్టూ తిరుగుతుంది.

బ్లాక్ అండ్ వైటా, రంగులా అన్నది మాత్రం నేను ప్రమాణంగా తీసుకోను. మొదటి పది నిమిషాలు దాటాక కన్నే అలవాటుపడిపోతుంది.

| సినిమా | ఏడాది | నిడివి, సుమారు నిమిషాల్లో | ఎలాంటి స్టూవర్ట్ | ఎవరికి కష్టం |
|---|---|---|---|---|
| మిస్టర్ స్మిత్ గోస్ టు వాషింగ్టన్ | 1939 | 130 | అమాయకుడు, ఆదర్శవాది | ఉపన్యాసాలంటే విసుగున్నవాళ్లకి |
| ది షాప్ అరౌండ్ ది కార్నర్ | 1940 | 100 | బిగుసుకుపోయే ప్రేమికుడు | కథలో పెద్ద మలుపులు కోరేవాళ్లకి |
| ది ఫిలడెల్ఫియా స్టోరీ | 1940 | 112 | మాటకి మాట చెప్పే రిపోర్టర్ | సబ్‌టైటిల్స్ మీద ఆధారపడేవాళ్లకి |
| ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్ | 1946 | 130 | యుద్ధానికి ముందు, తరవాత రెండూ కలిసినవాడు | మొదటి అరగంటలో ఓపిక లేనివాళ్లకి |
| వించెస్టర్ '73 | 1950 | 92 | పగతో రగిలేవాడు | వెస్టర్న్‌లు అసలు పడనివాళ్లకి |
| రియర్ విండో | 1954 | 112 | కుర్చీకి కట్టుబడ్డ ఫొటోగ్రాఫర్ | దాదాపు ఎవరికీ కాదు |
| వర్టిగో | 1958 | 128 | మోహంలో మునిగిపోయేవాడు | తొందరగా ఏదో జరగాలనుకునేవాళ్లకి |
| అనాటమీ ఆఫ్ ఎ మర్డర్ | 1959 | 160 | తెలివైన పల్లెటూరి లాయర్ | పిల్లలతో చూసేవాళ్లకి |

స్మిత్ ముందా, వండర్‌ఫుల్ లైఫ్ ముందా?

రెండింటికీ దర్శకుడు ఫ్రాంక్ కాప్రానే. రెండింటిలోనూ చిన్న ఊరి మంచివాడు డబ్బున్న దుర్మార్గుడితో పోరాడతాడు. అందుకే చాలామంది ఏదో ఒకటి చూస్తే చాలనుకుంటారు. నేను ఒప్పుకోను, ఎందుకంటే రెండింటి మధ్యలో యుద్ధం ఉంది.

'మిస్టర్ స్మిత్'లో జెఫర్సన్ స్మిత్ పిల్లల దళం నడుపుకునే కుర్రాడు. రాజకీయ నాయకులు తమ మాట వింటాడులే అని అమెరికా చట్టసభలో పైసభ అయిన సెనేట్‌కి పంపిస్తారు. అవినీతి కనిపెట్టాక అతని చేతిలో మిగిలిన ఆయుధం ఒక్కటే: సభలో మాట్లాడుతూనే ఉండటం. కూర్చోకుండా దాదాపు ఒక రోజంతా మాట్లాడతాడు. ఆ బొంగురు గొంతు కోసం స్టూవర్ట్ డాక్టరుని పిలిపించుకుని, గొంతు వాచేలా పాదరసం కలిసిన మందు పూయించుకున్నారు. ఆ చివరి ఇరవై నిమిషాలు చూస్తుంటే మన గొంతు ఎండిపోతుంది. సినిమా విడుదలైనప్పుడు వాషింగ్టన్‌లోని కొందరు సెనేటర్లకి కోపం వచ్చింది కూడా. చట్టసభల రాజకీయం మీద ఆసక్తి ఉన్నవాళ్లు, పౌరశాస్త్రం చదువుతున్న పిల్లలున్నవాళ్లు నిరభ్యంతరంగా దీంతో మొదలుపెట్టొచ్చు.

'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' యుద్ధం నుంచి వచ్చాక ఆయన చేసిన మొదటి సినిమా. అమెరికాలో క్రిస్మస్‌కి టీవీలో వేస్తారు కాబట్టి అక్కడున్న మనవాళ్లకి కనీసం పేరు తెలిసే ఉంటుంది. పండగ సినిమా, దేవదూత వస్తాడు, అందరూ బాగుంటారు, అంతే కదా అనుకుంటారు. అలా అనుకుని చూసినవాళ్లు మధ్యలో ఉలిక్కిపడతారు.

జార్జ్ బెయిలీకి ఊరు దాటి వెళ్లాలని చిన్నప్పట్నుంచీ కోరిక. ప్రపంచం చూడాలి, వంతెనలు కట్టాలి, పెద్ద పెద్ద భవనాలు కట్టాలి. ప్రతిసారీ పెట్టె సర్దుకునే సమయానికి ఏదో ఒకటి అడ్డుపడుతుంది. తండ్రి పోతాడు, తండ్రి నడిపిన చిన్న రుణ సంస్థ మీద పడుతుంది, తమ్ముడు చదువుకి వెళ్తాడు, తను మిగిలిపోతాడు. బాధ్యత పేరుతో ఊళ్లో ఉండిపోయిన పెద్ద కొడుకులు మనకి కొత్త కాదు. ఈ కథ మన ఇళ్లలో ఎవరో ఒకరిది.

ఇందులో టెలిఫోన్ సీన్ ఒకటుంది. జార్జ్, అతను ఇష్టపడే మేరీ ఒకే రిసీవర్ దగ్గర ముఖాలు ఆనించి నిలబడి ఉంటారు. అవతలి లైన్లో డబ్బున్న స్నేహితుడు వ్యాపారం గురించి ఏదేదో చెబుతుంటాడు. ఇద్దరికీ ఒక్క ముక్క బుర్రకెక్కదు. స్టూవర్ట్ కళ్లు ఆమె జుట్టు మీద, పెదవి మీద, మళ్లీ రిసీవర్ మీద. ఉన్నట్టుండి ఆమె భుజాలు పట్టుకుని కుదిపేస్తూ, నాకు పెళ్లి వద్దు, ఏదీ వద్దు అని కోపంగా అరుస్తాడు. ఆమె ఏడుస్తుంది, అంతలోనే ఆమెని దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకుంటాడు. ప్రేమ ఒప్పుకోవడం అంటే తన కలలు వదులుకోవడమే అని ఆ మనిషికి తెలుసు. మేరీగా వేసిన డోనా రీడ్ ఆ సీన్లో దాదాపు మాటల్లేకుండానే ఎంత చేస్తుందో కూడా గమనించండి.

తరవాత, సంస్థ డబ్బు 8,000 డాలర్లు పోయిన రాత్రి, ఇంటికి వచ్చి పిల్లల మీద అరుస్తాడు. కూతురు పియానో మీద ఒకే పాట మళ్లీ మళ్లీ సాధన చేస్తుంటుంది. ఆ చప్పుడు భరించలేక మూలన పెట్టుకున్న వంతెనల నమూనాలని తన్ని పడేస్తాడు. ఆర్కిటెక్చర్ చదివి కట్టడం అనేదే చేయని నటుడు తెర మీద ఆ బొమ్మల్ని తన్నడం చూస్తే నాకు ప్రతిసారీ గుండె పట్టేస్తుంది. తరవాతి దశాబ్దంలో దర్శకులు ఆంథనీ మాన్, ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ వాడుకున్న కోపమంతా ఆ గదిలో బయటపడింది.

విడుదలప్పుడు ఈ సినిమా పెట్టుబడి రాబట్టలేకపోయింది. 1974లో కాపీరైట్ పొడిగించడం మర్చిపోయారు. దాంతో టీవీ వాళ్లు ఊరికే వచ్చింది కదా అని పదే పదే వేశారు, జనం పట్టుకున్నారు. ఇంకో విషయం, మంచులో జరిగే ఆ సీన్లన్నీ తీసింది మండు వేసవిలో. వంతెన మీద స్టూవర్ట్ ముఖం మీద కనిపించేది నిజమైన చెమటే.

రెండింటిలో ఒకటే చూడగలిగితే ఇదే చూడండి. యుద్ధానికి ముందు స్టూవర్ట్, తరవాత స్టూవర్ట్ ఇద్దరూ ఒకే సినిమాలో దొరికేది ఇక్కడే. షరతు ఒక్కటే. మొదటి అరగంట చిన్నప్పటి, కుర్రతనపు కథలతో నడుస్తుంది. అప్పుడు ఫోన్ తీయకండి. అక్కడ చెప్పిన ప్రతి చిన్న విషయానికీ చివర్లో పని ఉంది.

రియర్ విండోనా, వర్టిగోనా?

హిచ్‌కాక్‌తో ఆయన నాలుగు సినిమాలు చేశారు. 'రోప్' 1948లో, 'ది మ్యాన్ హూ న్యూ టూ మచ్' 1956లో వచ్చాయి. కానీ అందరూ ఊగిసలాడేది ఈ రెండింటి మధ్యే.

'రియర్ విండో'లో ఫొటోగ్రాఫర్ కాలు విరిగి చక్రాల కుర్చీలో ఉంటాడు. వేసవి ఉక్కపోత, కిటికీలన్నీ తెరిచి ఉంటాయి. ఎదురింటివాళ్లని చూడటమే అతని కాలక్షేపం. ఒక రోజు ఎదుటి ఫ్లాట్‌లో భార్య కనిపించకుండా పోతుంది. కెమెరా దాదాపుగా ఆ గది దాటదు. పారామౌంట్ స్టూడియో లోపల 31 ఫ్లాట్ల సెట్ వేశారు. మొదటి రెండు నిమిషాల్లో ఒక్క మాట లేకుండా, కాలి కట్టు, పగిలిన కెమెరా, గాల్లో దూసుకొస్తున్న రేసు కారు చక్రం ఫొటో, ఇలా వరసగా చూపించి ఈ మనిషెవరో, కాలెలా విరిగిందో చెప్పేస్తారు. కథ చెప్పడం నేర్చుకోవాలనుకునే కుర్రాళ్లు ఆ రెండు నిమిషాలు పదిసార్లు చూసినా తప్పులేదు.

స్టూవర్ట్‌కి ఇక్కడ నడుము కింద కదలిక లేదు. చేసేదంతా కళ్లతోనే. కట్టు లోపల దురద పుడితే పొడుగాటి పుల్ల దూర్చి గోక్కుంటాడు. అందినప్పుడు ముఖంలో వచ్చే హాయి చూసి నవ్వని మనిషిని నేను చూడలేదు. అదే ముఖం, ఎదుటి ఫ్లాట్‌లోకి దొంగతనంగా వెళ్లిన ప్రియురాలు (గ్రేస్ కెల్లీ) ప్రమాదంలో పడ్డప్పుడు, ఏమీ చేయలేని భయంతో ముడుచుకుపోతుంది. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడొచ్చు. ఇంగ్లిష్ అంతంత మాత్రం వచ్చిన పెద్దవాళ్లకి కూడా సగానికి పైగా బొమ్మలతోనే అర్థమవుతుంది.

'వర్టిగో' వేరే దారి. ఎత్తులంటే కళ్లు తిరిగే మాజీ డిటెక్టివ్‌ని, స్నేహితుడు తన భార్య వెంట వెళ్లి గమనించమంటాడు. శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో కారు వెనక కారు, చాలాసేపు మాటలే ఉండవు, బెర్నార్డ్ హెర్మన్ సంగీతం మాత్రం వెంటాడుతుంది. కథ ఇంతకంటే చెప్పకూడదు. చెప్పగలిగింది ఏంటంటే, రెండో సగంలో స్టూవర్ట్ ఒక స్త్రీని తన మనసులోని బొమ్మలాగా మార్చాలని పట్టుబడతాడు. బట్టలు, జుట్టు రంగు, జుట్టు ముడి, ఏదీ వదలడు. హోటల్ గదిలో బయటి నియాన్ బోర్డు ఆకుపచ్చ వెలుతురు పడుతుంటే కిమ్ నోవాక్ నడిచి వస్తుంది. అప్పుడు ఆయన ముఖంలో ఆనందం, ఆకలి, భయం కలగలిసిపోతాయి. దేశం మొత్తం మంచివాడిగా నమ్మిన మనిషి ముఖం మీద అది చూడటం అసలు దెబ్బ.

అందుకే ఇది మొదట చూడొద్దంటాను. ఆ దెబ్బ తగలాలంటే ముందు మీరు ఆయన్ని నమ్మి ఉండాలి. బ్రిటన్ పత్రిక 'సైట్ అండ్ సౌండ్' 2012లో విమర్శకుల ఓటింగ్‌లో దీన్ని ప్రపంచంలోనే అత్యుత్తమ సినిమాగా నిలిపింది. అది చదివి భారీ అంచనాలతో కూర్చుంటే నిరాశే. మూడోదో నాలుగోదో చూడండి, ఒంటరిగా చూడండి, నిద్ర మొహంతో మాత్రం వద్దు.

వెస్టర్న్‌లు ఇష్టమైతే

1950లో వచ్చిన 'వించెస్టర్ '73' ఆయన కెరీర్‌కి పెద్ద మలుపు. డబ్బు విషయంలో కూడా. ఆయన అడిగిన పారితోషికం యూనివర్సల్ స్టూడియో ఇచ్చుకోలేక లాభాల్లో వాటా ఇస్తానంది. ఏజెంట్ లూ వాసర్‌మన్ కుదిర్చిన ఆ ఒప్పందం స్టూవర్ట్‌కి అంతకంటే చాలా ఎక్కువ తెచ్చిపెట్టింది. తారలు స్టూడియో జీతగాళ్లుగా ఉండే పద్ధతి సడలడంలో దాని పాత్ర పెద్దది.

ఇందులో ఒక బార్ సీన్ ఉంది. విలన్ చెయ్యి మెలిపెట్టి, ముఖాన్ని కౌంటర్‌కేసి నొక్కుతూ స్టూవర్ట్ పళ్లు బిగిస్తారు. ఆ కళ్లలో స్మిత్ లేడు, జార్జ్ బెయిలీ లేడు. ఇక్కడ మొదలుపెట్టి ఆంథనీ మాన్ దర్శకత్వంలో ఐదేళ్లలో ఎనిమిది సినిమాలు చేశారు, వాటిలో ఐదు వెస్టర్న్‌లు. అన్నిటిలోకీ నాకు 1953 నాటి 'ది నేకెడ్ స్పర్' ఎక్కువిష్టం. కొండల మధ్య ఐదుగురు మనుషులు, వాళ్లలో ఒకడు తలకి వెల కట్టిన నేరస్థుడు, 91 నిమిషాలు. ఒక్క సీన్ కూడా వృథా కాదు. కాకపోతే 'వించెస్టర్'లో మూలవాసుల్ని చూపించిన తీరు నేటి కంటికి కచ్చితంగా ఇబ్బందిగా ఉంటుంది. వాళ్ల నాయకుడి వేషం రాక్ హడ్సన్‌కి రంగు పూసి వేయించారు. పిల్లలకి చూపిస్తే ఆ మాట చెప్పి చూపించండి.

జాన్ ఫోర్డ్ తీసిన 'ది మ్యాన్ హూ షాట్ లిబర్టీ వాలెన్స్' 1962లో వచ్చింది. జాన్ వేన్ పక్కన స్టూవర్ట్. యాభై దాటిన మనిషి కుర్ర లాయర్‌గా కనిపించడం కొందరికి మింగుడుపడదు. నాకూ మొదట్లో అది అడ్డొస్తుంది, ఏప్రన్ కట్టుకుని భోజనం వడ్డించే సీన్ దగ్గరికొచ్చేసరికి మర్చిపోతాను. వెస్టర్న్‌లు కొన్ని చూశాకే దీని బరువు తెలుస్తుంది.

ప్రేమకథ, నవ్వు కావాలంటే

'ది షాప్ అరౌండ్ ది కార్నర్'. బుడాపెస్ట్‌లో ఒక తోలు సామాన్ల కొట్టు. గుమాస్తా, కొత్తగా చేరిన అమ్మాయి రోజూ కీచులాడుకుంటారు. ఇద్దరూ పేరు తెలియని మనిషికి ప్రేమలేఖలు రాస్తుంటారు, ఎవరికి రాస్తున్నారో మీరు ఊహించగలరు. 1998 నాటి 'యూ హావ్ గాట్ మెయిల్' దీనికి కొత్త రూపమే. ఉద్యోగం పోతుందేమోనన్న టెన్షన్, యజమాని చిరాకు, పండగ బోనస్, ఈ చిన్న చిన్న విషయాలు ఇందులో ఎంత నిజంగా ఉంటాయో! కథానాయిక మార్గరెట్ సల్లవన్, ఆ పాత నాటక బృందం నాటి స్నేహితురాలే. లుబిచ్ దర్శకత్వం.

'ఫిలడెల్ఫియా స్టోరీ'కి ఆస్కార్ వచ్చింది గానీ ఆయన చేసినవాటిలో అది అత్యుత్తమం అనను. ముందు ఏడాది స్మిత్ పాత్రకి రావాల్సింది ఆలస్యంగా ఇచ్చారనే అభిప్రాయం అప్పట్నుంచీ ఉంది. అయినా తాగి కేరీ గ్రాంట్ ఇంటికొచ్చే సీన్ కోసం చూడాల్సిందే. స్టూవర్ట్ స్క్రిప్టులో లేని ఎక్కిళ్లు పెడతారు, గ్రాంట్ నవ్వు ఆపుకోవడానికి తంటాలు పడటం తెర మీదే దొరికిపోతుంది.

అందరికీ కనిపించని ఆరడుగుల కుందేలుతో స్నేహం చేసే 'హార్వీ' కూడా ఉంది. తాతలతో మనవళ్లు కలిసి చూడటానికి బాగుంటుంది.

కోర్టు సినిమా కావాలంటే

'అనాటమీ ఆఫ్ ఎ మర్డర్' నా దృష్టిలో తగినంత పేరు రాని సినిమా. భార్యపై అత్యాచారం చేశాడంటూ ఒక సైనికాధికారి బార్ యజమానిని కాల్చి చంపుతాడు. అతని తరఫున వాదించే లాయర్ స్టూవర్ట్. చేపలు పట్టుకుంటూ, జాజ్ పియానో వాయించుకుంటూ తిరిగే మనిషి. మిషిగన్ సుప్రీంకోర్టు జడ్జి ఒకాయన తను లాయర్‌గా వాదించిన కేసు ఆధారంగా రాసిన నవల ఇది. షూటింగ్ కూడా అక్కడి అసలు కోర్టు హాల్లోనే జరిగింది. సినిమాలో జడ్జిగా వేసిన జోసెఫ్ వెల్చ్ నిజ జీవితంలో పేరున్న లాయర్. సంగీతం డ్యూక్ ఎలింగ్టన్.

ఇందులో లాయర్ అమాయకుడిలా తడబడేది జ్యూరీని తన వైపు తిప్పుకోవడానికి. ఇరవై ఏళ్లుగా జనం ప్రేమించిన ఆ తడబాటుని స్టూవర్ట్ ఇక్కడ ఒక లాయర్ ఎత్తుగడగా మార్చేశారు. నిందితుడు నిజం చెబుతున్నాడో లేదో చివరిదాకా తేలదు. ఈ పాత్రకి వెనిస్‌లో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. లాయర్లు, లా చదివేవాళ్లు దీంతోనే మొదలుపెట్టండి, నిడివికి భయపడకండి. పిల్లలతో వద్దు.

మీరు ఏ రకం?

పాత సినిమాలు ఒక్కటీ చూడనివాళ్లకి, ఇంట్లో అందరితో కూర్చునేవాళ్లకి: 'రియర్ విండో'. ఇందులో నాకు అనుమానం లేదు.

ఇప్పటికే నాలుగైదు పాత సినిమాలు చూసి, స్టూవర్ట్ అనే మనిషిని తెలుసుకోవాలనుకునేవాళ్లకి: 'వండర్‌ఫుల్ లైఫ్'. మనసు బాగోలేని రోజున చూడాలనుకుంటే మాత్రం ఒక మాట. హాయిగా ఉంటుందని ఎవరో చెప్పారని పెట్టుకోకండి. జార్జ్ చనిపోదామనుకుని వంతెన మీద నిలబడే సీన్ తేలిగ్గా తీసింది కాదు. అలాంటి రోజున 'షాప్ అరౌండ్ ది కార్నర్' పెట్టుకోవడం మేలు.

సెంటిమెంట్ అంటే పడనివాళ్లకి: 'నేకెడ్ స్పర్', తరవాత 'అనాటమీ'. కాప్రా సినిమాల జోలికి ఇప్పుడే వెళ్లకండి.

మూడు సినిమాలకి మించి టైమ్ లేనివాళ్లు 'రియర్ విండో', 'వండర్‌ఫుల్ లైఫ్', 'వర్టిగో' ఇదే వరసలో చూడండి. నాలుగోదానికి చోటుంటే 'వర్టిగో'కి ముందు 'వించెస్టర్ '73' పెట్టండి. అప్పుడు ఆ చీకటి ఎక్కడ మొదలై ఎంత దూరం వెళ్లిందో తెలుస్తుంది.

చూసే ముందు ప్రింట్ సరిచూసుకోండి. 'వండర్‌ఫుల్ లైఫ్'కి తరవాత రంగులు పూసిన వెర్షన్లు ఉన్నాయి. పాత సినిమాలకి అలా రంగులు పూయడాన్ని స్టూవర్ట్ 1980లలో బహిరంగంగా వ్యతిరేకించారు. బ్లాక్ అండ్ వైట్‌దే తీసుకోండి, నిడివి 130 నిమిషాల దగ్గర ఉందో లేదో చూడండి. బాగా తక్కువుంటే కత్తిరించిన కాపీ అన్నమాట, ఇంకోటి వెతకండి. కాపీరైట్ లేని కాలంలో తయారైన మసక కాపీలు ఇంకా తిరుగుతున్నాయి. వాటిలో ఆ టెలిఫోన్ సీన్లో కళ్లు సరిగా కనిపించవు. 'రియర్ విండో', 'వర్టిగో' రెండూ బాగుచేసిన ప్రింట్లలో దొరుకుతున్నాయి. వాటిని వీలైనంత పెద్ద తెర మీద చూడండి, ఎదురు కిటికీల్లోని మనుషులు ఫోన్ స్క్రీన్‌లో చీమల్లా ఉంటారు.